అద్దంలా మెరిసే యెజ్డీ కన్నా మట్టి కొట్టుకున్న యెజ్డీ మేలు

మైసూరు, బెంగళూరు, హోసూరు వైపు స్థిరపడిన మనవాళ్ళ ఇళ్ళల్లో చాలాచోట్ల, పెరట్లోనో మెట్ల కిందో ఒక పాత టూ-స్ట్రోక్ బండి పట్టా కప్పుకుని పడుంటుంది. మాకూ ఒకటుంది. మా చిన్నాయన నడిపిన యెజ్డీ రోడ్‌కింగ్. ఏళ్ళ తరబడి ఎవరూ కన్నెత్తి చూడని ఈ బండ్లకు ఇప్పుడు మళ్ళీ గిరాకీ వచ్చింది. అమ్ముతారా అని ఇంటికొచ్చి అడిగేవాళ్ళున్నారు. పిల్లలేమో అమ్మొద్దు, బాగుచేయిద్దాం అంటున్నారు. ఆ మాట వినడానికి మాకు సంతోషంగానే ఉంది. కానీ బాగుచేయడం అంటే ఏంటన్నది ముందు తేల్చుకోవాలి. క్రోమ్ వేయించి, రంగు కొట్టించి హాల్లో నిలబెట్టడమా? మట్టి ట్రాక్ మీద మళ్ళీ పోటీకి దిగేలా చేయడమా? మేము రెండో దాని పక్షం.

ఈ బండి వంశం గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. మైసూరు యాదవగిరిలోని ఐడియల్ జావా ఫ్యాక్టరీలో 1961లో తయారీ మొదలైంది, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇంజను మూలం చెకోస్లొవేకియాలోని జావాది. అదే దేశానికి చెందిన సీజెడ్ కంపెనీ, ఇలాంటి సింగిల్ సిలిండర్ టూ-స్ట్రోక్ బండ్లతోనే ఆ రోజుల్లో మోటోక్రాస్‌ను ఏలింది. 1964లో బెల్జియం కుర్రాడు జోయెల్ రాబర్, 1965లో సోవియట్ రైడర్ విక్టర్ అర్బెకోవ్ 250 సీసీ ప్రపంచ ఛాంపియన్లయింది సీజెడ్ మీదే. తూర్పు జర్మనీ రైడర్ పాల్ ఫ్రీడ్రిక్స్ 1966, 67, 68లలో వరుసగా మూడేళ్ళు 500 సీసీ ఛాంపియన్. మన దగ్గర కూడా యెజ్డీలు మట్టి ట్రాకుల మీద పోటీపడ్డాయి. కాబట్టి యెజ్డీని మట్టిలోకి దించడమంటే దానికి రాని పని నేర్పించడం కాదు.

షోకి బాగుచేసిన బండికి, పోటీకి బాగుచేసిన బండికి తేడా ఎక్కడుందో చూద్దాం. షో బండి ఒక కిక్కుకి స్టార్టయి, కాస్త పొగ వదిలి, ఫొటోకి నిలబడితే చాలు. లోపల ఏముందో ఎవరూ అడగరు. ట్రాక్ మీద ఆ ఆటలు సాగవు. పది నిమిషాలు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుంటే ఇంజను లోపల ఉన్నదంతా బయటపడుతుంది.

ఉదాహరణకి క్రాంక్ పక్కనుండే ఆయిల్ సీళ్ళు తీసుకోండి. టూ-స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి ముందు క్రాంక్‌కేసులోకి వెళ్ళి, అక్కణ్ణించి సిలిండర్లోకి ఎక్కుతాయి. అందుకే క్రాంక్‌కేసులో గాలి చొరబడకూడదు. ఏళ్ళ తరబడి నిలబెట్టిన బండిలో ఆ రబ్బరు సీళ్ళు గట్టిపడిపోతాయి. క్లచ్ వైపు సీలు పోతే ఇంజను గేర్ ఆయిల్ పీల్చుకుని తెల్లటి పొగ కక్కుతుంది. రెండో వైపు సీలు పోతే బయటి గాలి దూరుతుంది, మిశ్రమంలో పెట్రోలు తక్కువై పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. రోజుకోసారి వీధి చివరిదాకా వెళ్ళొచ్చే బండిలో ఇది కొన్నేళ్ళు దాగి ఉండొచ్చు. పోటీలో అయితే మొదటి రౌండులోనే తెలిసిపోతుంది.

దుమ్ము సంగతీ అంతే. ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా లేకపోతే ఆ దుమ్ము సిలిండర్‌ను గీకడంతో ఆగదు, క్రాంక్ బేరింగుల మీదుగా పోతుంది. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది కాబట్టి పాత రబ్బరు పైపులు, వాషర్లు మార్చాలి, కార్బురేటర్ జెట్ సైజు కూడా చూసుకోవాలి. వీటిలో ఒక్కటి కూడా ఫొటోలో కనబడదు.

ఇక అసలు విషయానికొస్తాం. పోతున్నది ఇనుము కాదు. ట్యాంకులు, మడ్‌గార్డులు, సైలెన్సర్లు కొత్తవి చేసి అమ్మేవాళ్ళు ఉన్నారు. పోతున్నది చేతిపని. స్పార్క్ ప్లగ్ ఊడదీసి దాని రంగు చూసి ఇంజను ఆరోగ్యం చెప్పే మిస్త్రీలు మన ఊళ్ళల్లో ఇంకా కొద్దిమంది మిగిలున్నారు. కాఫీ రంగులో ఉంటే బాగుంది, తెల్లబడితే పెట్రోలు చాలడం లేదు, నల్లగా తడిగా ఉంటే ఎక్కువైంది. కాంటాక్ట్ పాయింట్ల సందు కంటితో సరిచేసేవాళ్ళు, శబ్దం విని చిన్నెండ్ బేరింగు అరిగిందని చెప్పేవాళ్ళు వాళ్ళే. వాళ్ళల్లో చాలామందికి అరవై దాటింది. షో బండి ఆ మిస్త్రీ దగ్గరికి ఒకసారి వెళ్ళి వస్తుంది. పోటీ బండి ప్రతి నెలా వెళ్ళాలి. అలా వెళ్తూ ఉంటేనే పక్కన స్పానర్ అందించే కుర్రాడు పని నేర్చుకుంటాడు. మన ఇంటి తెలుగు మాత్రం ఎలా నిలిచింది? కన్నడ మాటలు, తమిళ మాటలు అతుక్కున్నా రోజూ వాడాం కాబట్టి నిలిచింది. బీరువాలో దాచి ఉంటే ఎప్పుడో పోయేది.

దీనికి పెద్దవాళ్ళు చెప్పే అభ్యంతరాలు కొట్టిపారేసేవి కావు. పోటీకి వాడితే బండి అరిగిపోతుంది అంటారు. నిజమే. యెజ్డీ సిలిండర్ బోరు 65 మిల్లీమీటర్లు. అరిగిన ప్రతిసారీ బోరింగ్ చేయించి కొంచెం పెద్ద పిస్టన్ వేయాలి, ప్రతి బోరింగుకీ కొంత లోహం పోతుంది. చివరి సైజు దాటాక కొత్త స్లీవ్ వేయించాల్సిందే. ఇది ఖర్చు, శ్రమ కూడా. కానీ కదలకుండా నిలబెట్టిన బండి మాత్రం పదిలంగా ఉంటుందా? తేమకి క్రాంక్ తుప్పు పడుతుంది, పెట్రోలు ఎండి కార్బురేటర్ మూసుకుపోతుంది. వాడి అరగడానికి మందుంది. లోపల పట్టిన తుప్పు కనబడేసరికే ఆలస్యం అయిపోతుంది.

రెండోది ప్రాణభయం. దీంట్లో మేమూ పెద్దల వైపే. పాత డ్రమ్ బ్రేకులు, పాత స్పోకులు, ఎప్పటిదో చైను పెట్టుకుని ఎవరూ ట్రాక్ మీదికి వెళ్ళకూడదు. ముందు బ్రేకులు, చక్రాలు, ఫోర్కు, షాక్ అబ్జార్బర్లు, ఆ తరవాతే ఇంజను. హెల్మెట్టు, బూట్లు, మోకాలి కవచాలు లేకుండా ప్రాక్టీసుకి కూడా పంపొద్దు. బండి పడితే ఇంజను వెంటనే ఆగిపోయేలా కిల్ స్విచ్ పెట్టించండి. లైట్లు పీకేసిన బండిని రోడ్డు మీద నడపకూడదు, ట్రాక్ దాకా టెంపోలో తీసుకెళ్ళాలి.

మూడోది, ఏ బండి పడితే ఆ బండిని కోసేస్తారేమో అన్న భయం. అది సరైన భయమే. అన్ని భాగాలూ అసలువే ఉండి, కాగితాలు కూడా సరిగ్గా ఉన్న పాత మైసూరు జావా మీ ఇంట్లో ఉంటే దాన్ని రేసుకి దించమని మేము అనం. దాన్ని అలాగే ఉంచి, మెల్లగా రోడ్డు మీద నడుపుకోండి. సగం భాగాలు పోయి మిగిలిన రోడ్‌కింగే పోటీకి తగినది. దానిలో కూడా వెనక్కి తేలేని పని చేయొద్దు. ఫ్రేము కోయొద్దు, ఇంజను నంబరు చెరపొద్దు. బోల్టులతో బిగించేవి మాత్రమే మార్చండి: వెడల్పాటి హ్యాండిల్, మట్టిలో పట్టు దొరికే గుబ్బల టైర్లు, పళ్ళు ఎక్కువున్న వెనక స్ప్రాకెట్. ఊడదీసిన ట్యాంకు, మడ్‌గార్డు, హెడ్‌లైటు పేరు రాసి అటక మీద పెట్టండి. రేపు మనవడికి మళ్ళీ రోడ్డు బండి కావాలంటే సాయంత్రానికల్లా బిగించుకోగలగాలి.

డర్ట్ ట్రాక్ పోటీలు నడిపేవాళ్ళకి కూడా ఒక మాట. ఇంగ్లండు, అమెరికాల్లో పాత మోటోక్రాస్ బండ్లకు వయసును బట్టి వేరే తరగతులున్నాయి, ముసలి బండిని కొత్త బండితో పోటీ పెట్టరు. ఇక్కడా మైసూరు యెజ్డీలకు, హోసూరులో తయారైన సుజుకీ సమురాయ్, షోగన్‌లకు, ఆర్‌ఎక్స్ 100లకు ఒక తరగతి పెడితే పెరళ్ళల్లోంచి ఎన్ని బండ్లు బయటికొస్తాయో చూడండి. జులై రెండో ఆదివారం జావా, యెజ్డీ దినమంటూ వందలమంది మెరిసే బండ్లతో కలుస్తున్నారు. ఆ ఉత్సాహంలో సగం ట్రాక్ వైపు మళ్ళినా చాలు.

మా ఇంట్లో లెక్క తేలింది. రోడ్‌కింగ్‌ను అమ్మడం లేదు. మీ ఇంట్లోనూ ఒకటుంటే రంగు ఏదన్నది తరవాత ఆలోచించుకోవచ్చు. ముందు మీ పేటలో పాత టూ-స్ట్రోక్ మిస్త్రీ ఎవరు మిగిలారో కనుక్కోండి. ఇంట్లో చదువుకునే కుర్రాణ్ణో అమ్మాయినో ఆదివారం ఆదివారం ఆయన దగ్గర కూర్చోబెట్టండి. బండి ఇంకో పదేళ్ళు ఆగగలదు, ఆయన ఆగలేడు.