గృహవిజ్ఞానము: కంప్యూటరును ఇంటనే కూర్చుకొనుట



విడిభాగములు కొని తెచ్చి కంప్యూటరును ఇంటనే కూర్చుట పురుషులకే తగిన పని యని మనలో ననేకుల యభిప్రాయము. అది సరికాదు. ఇందుకు వలసిన పనిముట్టు ఒక స్క్రూడ్రైవరు. తక్కినది యోపికయు, ముందుచూపును. తాను కూర్చిన యంత్రమున నేది యెచ్చట నున్నదో యెఱిగిన యాడుపిల్ల, పరీక్షల ముందు అది నిలిచిపోయినచో నొకరి రాకకై యెదురుచూడ నక్కఱలేదు.

మొదట యంత్రముతో నే పని చేయుదురో నిశ్చయించుకొనవలెను. చదువు, జమాఖర్చులు, దూరముననున్న బంధువులతో ముఖాముఖి సంభాషణ, ఇంతవఱకే యైనచో వేరుగా గ్రాఫిక్స్ కార్డు వలదు. ఆ శక్తి తనలోనే గల ప్రాసెసరు చాలును. 16 జీబీల ర్యామ్, 512 జీబీల ఎస్.ఎస్.డి. యుండిన సంసారమునకు సరిపోవును. ఇంటెల్ వారి ప్రాసెసర్లలో పేరు చివర ‘ఎఫ్’ అక్షరము గలవానికి మాత్ర మీ శక్తి లేదు. చౌక యని అట్టిదానిని తెచ్చినచో, కార్డు లేనిదే తెరపై బొమ్మ రాదు.

పిమ్మట భాగముల పొత్తు చూడవలెను. ప్రాసెసరునకును మదర్‌బోర్డునకును సాకెట్టు ఒక్కటే కావలెను. ఏఎమ్‌డీ వారి ఏఎమ్5 సాకెట్టు బోర్డులు డీడీఆర్5 ర్యామ్‌నే గ్రహించును. డీడీఆర్4 పలక నొక్కు వేఱొకచోట నుండుటచే నందు పట్టదు. పట్టనిదానిని బలిమితో నొక్కరాదు.

పవర్ సప్లయి విషయమున పిసినారితనము కూడదు. క్యాబినెట్టుతో నుచితముగా వచ్చు నాసిరకపు పెట్టె చెడునపుడు తక్కినవానిని గూడ చెఱుపవచ్చును. దానిపైనుండు ‘80 ప్లస్’ ముద్ర విద్యుత్తు వృథా యెంత తక్కువయో తెలుపునే కాని మన్నికకు హామీ కాదు. కరెంటు తఱచుగా పోవు నిండ్లలో యూపీఎస్ కూడ నవసరము.

మన నగరమున నీ సరకునకు పేరుపడినది సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు. జనులు సీటీసీ యందురు. నాంపల్లిలో గాని ఖైరతాబాదులో గాని మెట్రో యెక్కి, అమీరుపేటలో మాఱి, పారడైజు వద్ద దిగవచ్చును. పట్టికను వ్రాసికొని పోయి, మూడు దుకాణములలో ధర వ్రాయించుకొనుడు. 2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు మిక్కిలి పెరిగినవి. కావున నెవరో చెప్పిన పాత ధరను నమ్మి బయలుదేఱవలదు. జీఎస్టీ బిల్లుపై సీరియల్ నంబరు వ్రాయించుట మఱవరాదు. వారంటీ కదియే యాధారము.

కూర్చునాడు నైలాను, పట్టు చీరలు మాని నూలుచీర కట్టుకొనుడు. ఒరయికచే పుట్టు విద్యుత్తు సున్నితములైన భాగములను చెఱుపవచ్చును. నడుమ నడుమ క్యాబినెట్టు లోహమును తాకుచుండవలెను. ప్రాసెసరు మూలనున్న ముక్కోణపు గుర్తును సాకెట్టు గుర్తుతో సరిచూచి మెల్లగా దించుడు. దానిపై థర్మల్ పేస్టు బఠానీగింజంత చాలును. ఫ్యాను అడుగున ప్లాస్టిక్ పొర యున్నచో ముందే తీయవలెను. ప్రాసెసరు సమీపముననుండు విద్యుత్తు తీగను తగిలించుట క్రొత్తవారు తఱచుగా మఱతురు.

మీట నొక్కినను తెర వెలుగకున్న బెదరవలదు. డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ర్యామ్‌ను సరిచూచుకొనుటకు కొన్ని నిమిషములు తీసికొనవచ్చును. అప్పటికిని రానిచో ప్లగ్గు తీసి, ర్యామ్‌ను మరల గట్టిగా కూర్చుండబెట్టుడు. పెక్కుసారులు లోప మచ్చటనే యుండును.

మన యింటి కుమార్తెల చేతనే యీ పని చేయింపుడు. ప్రక్కన మీరు కూర్చుండిన చాలును.