డబ్బా మీద 5, లోపల 6

రైతుబజార్లో కిలో వంకాయలడిగితే పైన ఇంకో 140 గ్రాములు వేసి ఇచ్చాడనుకోండి. మనం గొడవ పెట్టుకోం. "కొసరేశాడు, మంచోడు" అనుకుని సంచీ పట్టుకుని వచ్చేస్తాం. ఫ్లై లైన్లు అమ్మే కంపెనీల ధీమా కూడా ఇదే. కాకపోతే వంకాయల్లో కొసరు లాభం, ఫ్లై లైన్లో కొసరు నష్టం.

తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. మన చెరువు గట్టు మీద వేసే గాలానికి చివర సీసం గుండు కడతాం. గుండు ముందు పోతుంది, దారం దాని వెనకాల పోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో తిరకాసేంటంటే ఎరకి బరువే ఉండదు. చిన్న కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగ అది. అందుకని బరువంతా లైన్‌లోనే పెడతారు. ఆ లైన్ గాల్లో ముందుకీ వెనక్కీ ఊగుతుంటే రాడ్ వంగుతుంది, వంగిన రాడ్ దాన్ని విసురుతుంది. అంటే రాడ్‌కీ లైన్‌కీ బరువు కుదరాలి. కుదరకపోతే మీ రాడ్ ఎంత ఖరీదైనదైనా దండగే.

ఈ కుదిర్చే పని కోసమే ఒక స్టాండర్డ్ ఉంది. పట్టు లైన్ల కాలంలో లావుని బట్టి అక్షరాలతో పేర్లు పెట్టేవాళ్ళు. నైలాన్ వచ్చాక ఒకే లావున్న రెండు లైన్లు వేరే వేరే బరువు తూగడం మొదలైంది, పాత పద్ధతి మూలన పడింది. 1961లో అమెరికా తయారీదారుల సంఘం బరువుని లెక్కలోకి తీసుకుంది. లైన్ మొదటి 30 అడుగులూ ఎన్ని గ్రెయిన్లు తూగితే అంత నంబరు. గ్రెయిన్ అంటే మన కంసాలి గురిగింజ లాంటి పాత తూకం. 5 నంబరుకి 140 గ్రెయిన్లు, అటూ ఇటూ ఒక ఆరు. 6 నంబరుకి 160, అటూ ఇటూ ఒక ఎనిమిది. ఇంత శుభ్రమైన స్పెసిఫికేషన్ మన ప్రాజెక్టుల్లో కూడా దొరకదు.

మరి ఇప్పుడేం జరుగుతోంది? డబ్బా మీద 5 అని వేసి, లోపల 5కీ 6కీ మధ్య బరువో, ఏకంగా 6 బరువో పెడుతున్నారు. రియో వాళ్ళ గ్రాండ్ అనే లైన్ పూర్తిగా ఒక సైజు ఎక్కువ. సైంటిఫిక్ యాంగ్లర్స్ వాళ్ళ ఎంపీఎక్స్ అర సైజు ఎక్కువ. దాచారనడం లేదు, ఆ సంగతి వాళ్ళే చెబుతారు. నా గొడవ అదే. ఆరని తెలిసీ ఐదని పేరెందుకు పెట్టడం? వెర్షన్ నంబరు మార్చకుండా లోపల ప్రవర్తన మార్చేసి, "రిలీజ్ నోట్స్‌లో రాశాంగా" అనే లైబ్రరీని మనం ఏమని తిడతామో మీకు తెలుసు.

దీనికి వాళ్ళ సమర్థన ఒకటుంది, అది మరీ తీసిపారేసేది కాదు. ఈ కాలం రాడ్లు బాగా బిర్రుగా వస్తున్నాయి. కొత్తవాడు 20 అడుగుల లైన్ బయటికి తీసి ఊపితే అలాంటి రాడ్ వంగదు. బరువు కాస్త పెంచితే వెంటనే వంగుతుంది, వాడికి ఉత్సాహం వస్తుంది. నిజమే. కానీ దానికి మందు 6 నంబరు లైన్ కొనుక్కోమని చెప్పడం. లేదా రాడ్ మీద 6 అని రాయడం. బిర్రు రాడ్ మీద 5 అని రాసి, దాన్ని వంచడానికి బరువు లైన్ మీద కూడా 5 అని రాస్తే రెండు అబద్ధాలు కలిసి నిజమవ్వవు.

"పోనీలే బాబూ, చేప పడితే చాలు" అంటారా? సరే, చేప దగ్గరికే వెళ్దాం. న్యూజీలాండ్ సౌత్ ఐలాండ్‌లో గోర్ ఊరి మీదుగా పారే మటౌరా నది ఉంది. బ్రౌన్ ట్రౌట్‌కి పేరున్న చోటు. ఆ దీవిలో చాలా నదుల్లో నీళ్ళు అద్దంలా ఉంటాయి. చేపని ముందు కళ్ళతో చూసి, దాని వెనక నించి నెమ్మదిగా నడిచి వెళ్ళి విసరాలి. తరచూ మొదటి విసురే ఆఖరి అవకాశం. బరువు లైన్ నీళ్ళ మీద టప్పుమని పడిందంటే చేప రాయి కింద దూరిపోతుంది. సెలవులు అడుక్కుని, వీసా పెట్టుకుని, విమానం ఖర్చు భరించి అంత దూరం వెళ్ళినవాడికి కొసరుగా దక్కేది ఆ టప్పుమనే చప్పుడే.

అందుకని నదిలో ట్రౌట్ కోసం వెళ్ళేవాళ్ళకి నా సలహా ఇది. స్టాండర్డ్ బరువున్న డీటీ-5-ఎఫ్ ఒకటి కొనండి. డీటీ అంటే డబుల్ టేపర్, రెండు కొసలూ ఒకేలా సన్నబడతాయి. 5 బరువు. ఎఫ్ అంటే తేలేది. ఒక కొస అరిగితే తిప్పి చుట్టుకుంటే ఇంకో కొత్త లైన్ వచ్చినట్టే. షాపువాడు "వెయిట్ ఫార్వర్డ్ అయితే దూరం పోతుంది సార్" అంటాడు. పోతుంది, కాదన్ను. కానీ నదిలో మీకు ఎక్కువగా కావలసింది 30, 40 అడుగులు. ఆ దూరంలో రెండింటికీ పెద్ద తేడా ఉండదు. పైగా ప్రవాహం లాక్కుపోతున్న లైన్‌ని నీళ్ళ మీదే ఎత్తి పక్కకి సర్దడానికి డబుల్ టేపరే సుఖం. సరస్సులోనో, ఈదురుగాలిలోనో దూరం విసరాలంటే మాత్రం వెయిట్ ఫార్వర్డ్ తీసుకోండి, అక్కడ నాకు పేచీ లేదు.

రంగు బూడిదో, ముదురాకుపచ్చో చాలు. కిత్తలి పండు రంగులు ఫోటోల్లో బావుంటాయి, తేటనీళ్ళలో చేపలకి కూడా బాగానే కనిపిస్తాయి. "ట్రాపికల్" అని రాసి ఉన్నది వద్దు. అది వేడి సముద్రాల కోసం బిగుసుగా చేసినది, చన్నీళ్ళలో స్ప్రింగులా చుట్టలు చుట్టుకుంటుంది. చన్నీళ్ళ లైన్‌ని మన మే నెల ఎండలో కారులో వదిలేసినా అంతే అన్యాయం. లైన్‌కీ ఈగకీ మధ్య కనీసం 9 అడుగుల సన్నటి నైలాన్ లీడర్ ఉండాలి, తేటనీళ్ళకి 12 అయితే ఇంకా మంచిది. మునిగే లైన్లూ, నూరు డాలర్లు దాటిన పూతలూ మొదటి ట్రిప్పుకి అనవసరం.

కొన్నాక ఓ పని చెయ్యండి. మొదట్లో ఉండే జానెడు సన్నటి కొస వదిలేసి 30 అడుగులు కొలిచి, చుట్టగా చుట్టి, నగల దుకాణంలో ఉండేలాంటి చిన్న తక్కెడ మీద పెట్టండి. 5 నంబరైతే 9 గ్రాముల చుట్టుపక్కల తూగాలి. పది గ్రాములు దాటిందంటే మీరు కొన్నది 6.

వాపసు ఇచ్చేటప్పుడు షాపువాడు "సార్, ఎక్కువే ఇచ్చాంగా" అంటే, నంబరు కూడా ఎక్కువే వెయ్యమనండి.