వార్త వ్రాయుటకు ముందు వార్త వెదకుట నేర్పవలెను

జర్నలిజమును డిగ్రీలో ఒక పాఠ్యాంశముగా బోధించు కళాశాలలకు రెండు తెలుగు రాష్ట్రములలోను నేడు కొరత లేదు. కాని పెక్కుచోట్ల ఆ తరగతులలో జరుగుచున్న బోధనను పరికించినచో, పత్రికల చరిత్ర, ప్రసార సిద్ధాంతములు, సంపాదకీయ లక్షణములు, శీర్షికలలోని భేదములు అను వీనితోనే సంవత్సరమంతయు నిండిపోయి, వార్త యెక్కడ పుట్టునో, దానిని ఎవ్వరిని అడిగి తెచ్చుకొనవలెనో, తెచ్చినదానిని దేనితో సరిచూచుకొనవలెనో నేర్పుటకు మాత్రము వ్యవధి చిక్కకుండుట కానవచ్చును. సేకరణ మొదటిది, రచన రెండవది. ఈ క్రమమును తలక్రిందులు చేసిన చదువు చక్కని వాక్యము కూర్పగల లేఖకుని తయారుచేయునే గాని విలేకరిని తయారుచేయజాలదు.

అసలిది కళాశాలలో నేర్పదగిన విద్యయే కాదని వాదించువారు కలరు. వారి మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. మచిలీపట్నమున 1902లో వెలసిన కృష్ణాపత్రికను దీర్ఘకాలము నడిపిన ముట్నూరి కృష్ణారావుగారు గాని, 1914లో మద్రాసునుండి ఆంధ్రపత్రికను దినపత్రికగా వెలువరించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు గాని, 1926లో హైదరాబాదున గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిగారు గాని జర్నలిజములో పట్టా పుచ్చుకొని ఈ రంగమున ప్రవేశించినవారు కారు; ఉస్మానియా విశ్వవిద్యాలయమున జర్నలిజం శాఖ యేర్పడినదే 1954లో. ఆనాటి క్రొత్త విలేకరికి పత్రికా కార్యాలయమే పాఠశాల. వాడు వ్రాసి తెచ్చిన కాగితమును పెద్దలెవ్వరో చదివి, చనిపోయినవాని పేరు నీకెవరు చెప్పిరి, నీవు ఆస్పత్రికి పోయి చూచితివా, అని నిలదీసి, మరల వీధిలోనికి పంపెడివారు. అట్లు పదిసార్లు తిరిగిన కాళ్లకు వచ్చిన విద్య పరీక్షలకు చదివిన విద్యకంటె గట్టిదనుటలో సందేహము లేదు.

అయితే ఆ పాఠశాల నేడెంతవఱకు నిలిచియున్నది? పెక్కు మండలములలో విలేకరికి నెలజీతమే లేదు. వార్తలతోపాటు ప్రకటనలను, చందాలను గూడ సమకూర్చు భారము అతని నెత్తినే యున్నది. జిల్లా డెస్కునందలి ఉపసంపాదకుడు సాయంకాలమగుసరికి వాట్సాప్‌లో వచ్చిపడు ప్రెస్‌నోట్లను, ఫొటోలను పేజీలలో సర్దుటతోనే సతమతమగుచుండగా, ఒక క్రొత్తవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వాని కాపీని దిద్దునంతటి తీరిక అతనికి ఎక్కడిది? నేర్పువారు లేక, తప్పు చూపువారు లేక, తనకు తోచినదే వార్తగా వ్రాయుటకు అలవాటుపడిన యువకుని నిందించుట న్యాయము కాదు. కార్యాలయము విడిచిపెట్టిన బాధ్యతను కళాశాల గ్రహింపవలసిన కాలము వచ్చినది.

ఆ నేర్పవలసినది యెట్టిదో ఒక ఉదాహరణముచే విశదపఱచెదను. వరంగల్లు ఏనుమాముల మార్కెట్టునకు మిర్చి వచ్చు కాలమున ఇద్దరు విద్యార్థులను ఒకేనాడు పంపుదము. ఉదయమున అధికారులును వ్యాపారులును కూడి మేలైన సరుకు నెంచి వేలము వేయగా పలికిన ధరను అక్కడ జెండా పాట యందురు. మొదటి విద్యార్థి ఆ ధరను వ్రాసికొని, మార్కెట్టు కార్యదర్శి చెప్పిన రెండు మాటలను చేర్చి, మధ్యాహ్నము కాకమునుపే తిరిగివచ్చి, మిర్చి ధర మిన్నంటినదని శీర్షిక పెట్టును. అతడు వ్రాసినదానిలో అబద్ధ మొక్కటియు లేదు.

రెండవ విద్యార్థి పని జెండా పాట ముగిసిన పిమ్మటనే మొదలగును. ఆ ధర ఎన్ని బస్తాలకు దక్కినదో అడుగును. ఖరీదుదారు బస్తాలో చేయి పెట్టి, కాయను తీసి విఱిచి చూచి, తేమ యున్నదనియో తాలు కలిసినదనియో చెప్పి ధర తగ్గించుచుండగా ప్రక్కనే నిలిచి వినును. కాంటా అయిన పిదప రైతునకు అడ్తిదారు వ్రాసియిచ్చు తక్‌పట్టీని అడిగి చూచి, తూకమెంత, పలికిన ధర యెంత, హమాలీకి, కాంటా వేయు దడువాయికి, కమీషనుకు పోయినదెంత, కడకు రైతు చేతికి వచ్చినదెంత యని వేర్వేరుగా వ్రాసికొనును. ఇట్లు పదిమంది తక్‌పట్టీలను చూచినవానికి, జెండా పాటకును రైతులు పొందిన ధరకును నడుమ గల అంతరమే ఆనాటి వార్త యని బోధపడును. అంతటితో ఆగక అతడు ఆ అంకెలను ఖరీదుదారు ఎదుటను, కార్యదర్శి ఎదుటను పెట్టి వారి సమాధానమును గూడ వ్రాయవలెను. సరుకు నాణ్యతను బట్టి ధర మారుననుటయు సత్యమే గనుక, ఆ మాట లేని వార్త రైతు పక్షమున నిలిచినను అసమగ్రమే యగును.

ఈ ఇద్దరికిని గల భేదము భాషాపాండిత్యములో లేదు. ఎఱుగనివానిని బెరుకులేక పలుకరించుట, అవును కాదులతో తేలిపోని ప్రశ్న వేయుట, పేరును ఊరును అడిగి సరిగా వ్రాసికొనుట, ఒకరు చెప్పినదానిని వేఱొకరి మాటతోను, ఇద్దరి మాటలను కాగితముతోను సరిపోల్చుట అను అలవాట్లలో నున్నది. ఇవి పుట్టుకతో వచ్చునవి కావు; అభ్యాసమువలన వచ్చునవి, కావుననే నేర్పదగినవి.

కాగితము చదువుటయు ఒక విద్యయే. 2005 నాటి సమాచార హక్కు చట్టముక్రింద దరఖాస్తునకు సాధారణముగా 30 దినములలో సమాధానము రావలెననియు, అడుగకుండగనే కార్యాలయములు వెల్లడింపవలసిన వివరములను ఆ చట్టపు నాలుగవ సెక్షను పేర్కొనుచున్నదనియు నెఱిగి, ఒక్క దరఖాస్తునైనను స్వయముగా వ్రాసి పంపిన విద్యార్థులెందఱు? సున్నితమైన కేసులు తప్ప తక్కిన ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటలలో వెబ్‌సైటున ఉంచవలెనని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించినది. వానిని చదువుటతోపాటు, ఎఫ్.ఐ.ఆర్.లో నున్నది ఆరోపణయే గాని తీర్పు కాదనియు, అత్యాచార బాధితురాలి గుర్తింపును గాని, పోక్సో కేసులలోని బిడ్డ గుర్తింపును గాని బయటపెట్టుట నేరమనియు తొలి సంవత్సరముననే మనసున నాటవలెను. వీథిపేరు, బడిపేరు, తండ్రి వృత్తి వ్రాసి, పేరు మాత్రము మార్చితిమని తృప్తిపడు వార్తలు ఈ జ్ఞానము లేమివలన పుట్టినవే.

సేకరణ ఇట్లు సక్రమముగా సాగినచో రచన సగము సులభమగును. విశ్వసనీయ వర్గాల సమాచారమనియు, స్థానికులు చెప్పుకొనుచున్నారనియు వ్రాసెడి మాటలు తఱచుగా సంయమనమునకు గాక, అడుగక పోవుటకు గుర్తులై యుండును. ఎవ్వరు చెప్పిరో తెలిసిన విలేకరి చెప్పినవాని పేరు పెట్టును. ప్రాణభయముచేతనో ఉద్యోగభయముచేతనో పేరు దాచవలసి వచ్చినపుడు ఆ కారణమును పాఠకునకు తెలుపును. ముఖ్యాంశమును ఇంట్రోలో చెప్పి తక్కినది ప్రాధాన్యక్రమమున వ్రాయవలెనను సూత్రమును గూడ, ఏది ముఖ్యమో తిరిగి తెలిసికొన్నవాడే పాటింపగలడు.

ఈ విద్య పత్రికలలో చేరబోవువారికే పరిమితమనుకొనుట మఱియొక పొరపాటు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్‌లో వ్యాపించిన వదంతులను నమ్మి, తెలుగు రాష్ట్రములలో పలుచోట్ల జనులు అమాయకులపై పడి కొట్టిరి. కొందఱు ప్రాణములు కోల్పోయిరి. ఆ వీడియో ఎక్కడిది, ఎన్నటిది, పోలీసుస్టేషనులో నిజముగా ఫిర్యాదున్నదా యని అడుగుట తెలిసినవాడు ప్రతి వీథిలోను ఒక్కడున్నను ఆ దారుణములలో కొన్నియైనను తప్పియుండెడివి. బి.కాం. చదువువాడైనను, బి.ఎస్సీ. చదువునదియైనను చేతిలో ఫోనున్నంతకాలము ఏదో ఒక వార్తను వ్యాపింపజేయుచునే యుందురు. కావున వార్తాసేకరణ మూలసూత్రములు డిగ్రీ విద్యార్థులందఱికిని ఒక్క సెమిస్టరైనను బోధింపదగినవి.

దీనికి గొప్ప భవనములు, స్టూడియోలు అక్కఱలేదు. జర్నలిజం పాఠ్యాంశమున సగము మార్కులు బయట తిరిగి తెచ్చిన వార్తలకు, వానితోపాటు సమర్పించిన నోటుపుస్తకమునకు కేటాయింపవలెను. వార్తలోని ప్రతి వాక్యమునకు ఆధారమెక్కడ నున్నదో ఆ నోటుపుస్తకము చూపవలెను. పత్రికలలో పనిచేసి విరమించిన ఉపసంపాదకులను, పట్టాలతో నిమిత్తము లేక, గౌరవవేతనమిచ్చి కాపీ దిద్దుటకు పిలువవలెను. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సులలో తప్పనిసరి చేసిన సామాజిక సేవా ప్రాజెక్టును, ఇంటర్న్‌షిప్పును ఇందుకు వినియోగించుకొనవచ్చును. కడపటిది, కష్టతరమైనది ఒకటి కలదు: విద్యార్థుల ప్రయోగ పత్రికలో ఊరి నీటి ట్యాంకును గూర్చియో, తమ కళాశాల హాస్టలు భోజనమును గూర్చియో ఆధారములతో వ్రాసిన వార్త వచ్చినపుడు దానిని ఆపివేయకుండునంతటి ధైర్యము యాజమాన్యమునకు ఉండవలెను. ఆ ధైర్యము లేని కళాశాల ఎన్ని సెమిస్టర్లు బోధించినను, అడుగరాదను పాఠమునే విద్యార్థికి అన్నిటికంటె ముందు నేర్పినదగును.