అయిదు సెంటీమీటర్ల ఊపిరి

పోయిన నెల పి.ఎఫ్. కాగితాల గురించి రాసింది చదివి ఇద్దరు ముగ్గురు ఇంటికే వచ్చి మాట్లాడినారు. సంతోషం. వాళ్ళలో ఒకాయన, సోమనూరు పక్కన మగ్గాలు నడిపే ఆయన, పోతా పోతా అడిగినాడు: "అన్నా, మావాడు పోలీసుకు పోతానంటాడు. పంపేదా, వద్దా?" వాకిట్లో నిలబడి ఏదో చెప్పి పంపేసినాను. సరిగా చెప్పలేదని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ నెల అదే రాస్తాను.

మా ఇంట్లోనే ఈ పోలీసు పరీక్ష ఉండాది. నా కూతురి కొడుకు, వయసు 25. పదో తరగతి దాకా అన్నూరు సర్కారు బడి. తర్వాత రెండేళ్ళు మిల్లులో కోన్ వైండింగు, ఎక్కువగా రాత్రి షిఫ్టు. 2023లో తమిళనాడు యూనిఫారం ఉద్యోగాల బోర్డు 3,359 పోస్టులకు నోటీసు వేసింది. కానిస్టేబుళ్ళు, జైలు వార్డర్లు, ఫైరు సర్వీసు, అన్నీ కలిపితేనే అంత. రాసేవాళ్ళు లక్షల్లో. "పని మానేసి చదువుకోరా, నేనుండాను" అన్నది నేనే. నా గ్రాట్యుటీలో మిగిలింది తీసి కోచింగుకు కట్టినాను.

ఎందుకంత ఆశ అంటే, మీకు నేను చెప్పాల్నా? మొదటి జీతం 18,200, దాని మీద అలవెన్సులు. మిల్లులో ఇప్పుడు పర్మనెంటు అనే మాటే లేదు. కాంట్రాక్టు, హాస్టలు పిల్లలు, బయటి రాష్ట్రం వాళ్ళు. పర్మనెంటు అనే మాట మిగిలింది సర్కారు ఉద్యోగంలోనే.

రాత పరీక్ష సంగతి. ముందు తమిళం పరీక్ష, 80 మార్కులు. అందులో 40 శాతం రాకపోతే రెండో భాగం దిద్దనే దిద్దరు. ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలకు ఇది కష్టమేమో అని కొందరు భయపడతారు. కాదు. మనవాళ్ళు చదివింది తమిళ బడిలోనే కదా, అది వాళ్ళకు మంచినీళ్ళు. తట్టుకొని పడేది అప్పు చేసి ఇంగ్లీషు మీడియంలో చదివించిన పిల్లలే. పైగా ఒకటి నుంచి పది దాకా తమిళంలో చదివినవాళ్ళకు 20 శాతం పోస్టులు వేరేగా ఉండాయి. అసలు పోటీ ఆ తర్వాతి 70 మార్కుల్లో. అక్కడ ఒక్కొక్క మార్కుకు వెయ్యిమంది నిలబడతారు అనుకోండి.

మావాడు అది దాటినాడు. ఊరంతా చెప్పుకున్నాము. తర్వాత గ్రౌండుకు పిలిచినారు.

ఎత్తు నేను ముందే కొలిచినాను, తలుపు చట్టానికి నిలబెట్టి. 170 కావాల, వాడు 172. (షెడ్యూల్డు కులాల వాళ్ళకు 167.) ఛాతీ కూడా కొలిచినాను. 81 కావాల, వాడికి 82. సరిపోయిందిలే అనుకున్నాను. ఊపిరి నిండా పీల్చినప్పుడు ఇంకా 5 సెంటీమీటర్లు పెరగాల అని నోటీసులోనే ఉండింది. నేను చదవలేదు. వాడు చదివినాడు, లెక్క చెయ్యలేదు. గ్రౌండులో 85న్నర దగ్గర నిలిచిపోయింది. పరుగు దాకా కూడా పోలేదు, పక్కకు నిలబెట్టేసినారు. పొద్దున అయిదింటికి లేచి 1500 మీటర్లు ఏడు నిమిషాల లోపల పరుగెత్తి నేర్చుకున్నదంతా అట్లనే మిగిలింది.

బస్సులో వచ్చి, చెప్పులు విడవకుండా వసారాలో కూర్చున్నాడు. "తాతా, మూడున్నరే వచ్చింది" అన్నాడు. అంతే.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక టేపు తీసి నా ఛాతీకి చుట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు బ్లో రూములో, కార్డింగులో దూది దుమ్ము తాగిన ఛాతీ ఇది. గట్టిగా పీలిస్తే ఒకటిన్నర. మళ్ళీ పీల్చినాను, దగ్గు పట్టుకొనింది. మా ఆవిడ లేచి, "ఈ అర్ధరాత్రి ఎవరికి రవిక కుట్టేదానికి కొలతలు?" అనింది. నవ్వలేకపోయినాను. వీడికి కూడా ఆ దుమ్మే పట్టిందేమో అని భయం. పెద్దాసుపత్రికి తీసుకొని పోతే డాక్టరమ్మ చూసి, ఊపిరితిత్తులు బాగుండాయి, నిండా పీల్చే అలవాటే లేదు అనింది. అప్పుడు గాని నాకు అన్నం దిగలేదు.

2024లో కానిస్టేబులు నోటీసే రాలేదు. అదే అన్నిటికన్నా కష్టం. 1977లో నేను మిల్లు గేటు ముందర బదిలీగా నిలబడినప్పుడు, నలభై మందిలో ఆరుమందిని మేస్త్రి వేలు చూపించి పిలిచేవాడు. అన్యాయమే, కానీ పది నిమిషాల్లో తెలిసిపోయేది. తక్కినవాళ్ళము వేరే కూలికి పోయేవాళ్ళము. ఇప్పుడు గేటు ముందర ఏండ్ల తరబడి నిలబెడతారు. ఆంధ్రలో చూడండి, 2022 నవంబరులో 6,100 కానిస్టేబులు పోస్టులకు నోటీసు. 2023 జనవరి 22న 4 లక్షల 59 వేలమంది రాసినారు, అంటే ఒక్క పోస్టుకు 75 మంది. కడపటి జాబితా వచ్చింది 2025 ఆగస్టు 1న. ఆ మూడేండ్లలో పెండ్లి ఆగిపోయిన ఇండ్లు ఎన్నో, నాకు తెలీదా?

అందుకే పని మానిపించింది నా తప్పు అంటాను. కోచింగు డబ్బు పోయింది పెద్ద కాదు, వాడు ఖాళీగా కూర్చొని కుంగిపోయినాడు. తిరిగి మిల్లుకు పోతానన్నాడు, దుమ్ముకు నేను ఒప్పుకోలేదు. నాలుగు దినాలు ఇద్దరికీ మాటల్లేవు. కడకు అవినాశి రోడ్డులో పెట్రోలు బంకు పని దొరికింది. పగలు పని, రాత్రి చదువు. మార్కులు ముందుకన్నా ఇప్పుడే ఎక్కువ వస్తా ఉండాయి.

ఆడపిల్లల సంగతి కూడా అడగతారు. వాళ్ళకు ఎత్తు 159, 400 మీటర్లు రెండున్నర నిమిషాల్లో. ఛాతీ కొలత లేదు. మా లైన్లో ఒక అమ్మాయి మావాడితో కలిసే పరుగెత్తుతుంది, వాడికన్నా ముందే లేస్తుంది. ఇంకొకటి, ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగేవాడు ఎవడు వచ్చినా వాకిలి బయటినుంచే పంపేయండి.

2025లో మళ్ళీ నోటీసు వచ్చింది, 3,644 పోస్టులు. నవంబరు 9న రాసి వచ్చినాడు. ఫలితం కోసం కాచుకొని ఉండాము. మా వర్గానికి 28 ఏండ్ల దాకా వయసు ఉండాది గాని, నోటీసులు ఎప్పుడు వస్తాయో ఎవరికి తెలుసు? పెరట్లో చింతచెట్టుకు తాడు కట్టినాము, ఆరు మీటర్లు. ఎక్కినంత మార్కు. ప్రతి ఆదివారం ఛాతీ కొలిచేది నా పని.

పోయిన ఆదివారం 4.8 వచ్చింది. టేపు వదులు చెయ్యలేదు, రెండుసార్లు చూసినాను.

సోమనూరు తమ్ముడూ, మీవాడిని ఒక ఆదివారం పొద్దున తీసుకొని రా. పని మాత్రం మానిపించవద్దు. టేపు నా దగ్గర ఉండాది.