లోటు లేని చోట లోటు చూపే వ్యాపారం

చిన్న చప్పుడుకే ఒళ్లు కొయ్యబారి, చెయ్యి ఆన్చుకునే వ్యవధైనా లేకుండా నిలువునా పడిపోవడం హైపరెక్‌ప్లెక్సియా లక్షణం. ఈ జబ్బుతో పుట్టిన బిడ్డ ముక్కు మీద వేలితో తడితే తల వెనక్కి విరుచుకుంటుంది. ఎన్నిసార్లు తట్టినా అంతే. ఈ అరుదైన జబ్బుకూ మామూలు జడుపుకూ ఒకే విరుగుడంటూ గ్లైసిన్ వంటి అమినో ఆమ్లాల పొడులను అంటగడుతున్నారు. నరాలను శాంతింపజేసేది గ్లైసిన్; ఉలికిపాటు ఉందంటే అది తగ్గినట్టే; తాగితే లోటు తీరుతుంది అన్నది అమ్మేవారి వాదన.

అందులో మొదటి మాట నిజం. రెండోది అబద్ధం. మూడోది ఆ అబద్ధాన్ని సొమ్ము చేసుకోవడం.

వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలకు ఆగమని చెప్పే రసాయనం గ్లైసిన్. ఆ కబురు అందుకోవలసింది కణం మీది గ్రాహకం. ఈ జబ్బులో చాలా కుటుంబాల్లో చెడింది గ్రాహకమేనని 1993లో ఆ గ్రాహకానికి చెందిన జీఎల్ఆర్ఏ1 జన్యువులో లోపాలను గుర్తించడంతో తేలింది. విషముష్టి గింజలోని స్ట్రిక్నిన్ మూసేసేదీ ఈ గ్రాహకాన్నే. ఆ గింజ తిన్న మనిషి ఒంట్లో గ్లైసిన్ రవ్వంతైనా తగ్గదు, అయినా చప్పుడైతే చాలు, ఒళ్లు విల్లులా వంగుతుంది. ధనుర్వాతంలో గ్లైసిన్ నాడీకణంలోనే ఉండి విడుదల కాదు. ఈ మూడింటిలో ఏదీ తిండి కొరత కాదు. పైగా గ్లైసిన్‌ను శరీరం తనంతట తానే తయారుచేసుకుంటుంది. మింగిన దానిలో మెదడుకు చేరేది కొద్దిపాటే. ఇంత తెలిసీ బిడ్డ జబ్బుకు లోటు అని పేరు పెట్టడం కన్నతల్లి భయాన్ని అమ్ముకోవడమే.

పడుకునే ముందు 3 గ్రాముల గ్లైసిన్ తీసుకుంటే నిద్ర బాగుపడిందని జపాన్‌లో జరిగిన చిన్న అధ్యయనాలు చెప్పిన మాట వాస్తవమే. అది నిద్ర సంగతి.

హైపరెక్‌ప్లెక్సియాకు వైద్యులు వాడేది క్లోనజిపామ్. అది గాబా అనే మరో రసాయనం పనిని బలపరుస్తుంది. బిగుసుకుపోయిన పసిబిడ్డకు ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. తలనూ కాళ్లనూ పొట్ట వైపు వంచితే బిగువు సడలుతుంది. 1989లో ఇటలీ వైద్యుడు విజెవానో వివరించిన ఈ పద్ధతికి పైసా ఖర్చు లేదు. ఏ డబ్బా మీదా అది కనిపించదు. ఈ జబ్బులో కొన్ని రకాలు తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే జన్యులోపంతో పుడతాయి గనుక మేనరికాలున్న ఉత్తరాంధ్రలో ఈ పద్ధతి తెలిసి ఉండడం మరీ అవసరం.

సప్లిమెంట్ల మీద ‘వైద్య ఉపయోగానికి కాదు’ అని ముద్రించాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016 నిబంధనలు ఆదేశిస్తున్నాయి. డబ్బా మీద ఆ మాట అచ్చువేసి, నోటితో జబ్బు నయమవుతుందని చెప్పడం మోసం. తప్పుదారి పట్టించే ప్రకటనకు 2006 ఆహార భద్రతా ప్రమాణాల చట్టంలోని 53వ సెక్షన్ రూ.10 లక్షల దాకా జరిమానా విధించనిస్తుంది. ఈ అమ్మకాల మీద విజయనగరం జిల్లా ఆహార భద్రతా అధికారులు ఆ సెక్షన్‌ను ప్రయోగించాలి. ఆ జిల్లాలోని నెల్లిమర్లలోనే మిమ్స్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఉలికిపడి బిగుసుకుపోయే బిడ్డను పొడి కొనక ముందే అక్కడి పిల్లల వైద్యులకు చూపించాలి.