పాత గడియారము – శుద్ధప్రతి

పాత వస్తువులను సేకరించు వ్యసనము ఏ దేశమునందైనను ఉన్నదే. అమెరికాలో గడియారములను సేకరించువారు 1943లోనే ఒక జాతీయ సంఘముగా ఏర్పడినారు. పెన్సిల్వేనియా రాష్ట్రములోని కొలంబియా పట్టణములో ఆ సంఘమునకు ఒక ప్రదర్శనశాల కలదు. కనెక్టికట్ రాష్ట్రములోని బ్రిస్టల్ పట్టణములో 1954లో వేరొక గడియార ప్రదర్శనశాల తెరువబడినది. పాఠములు చెప్పుకొను తెలుగు పంతులుకు ఈ ప్రసంగమేల యని పాఠకులు అడుగవచ్చును. పాత వస్తువును భద్రపరచుట అనగా నేమి, బాగుచేయుట అనగా నేమి, ఈ రెంటికిని గల భేదమెట్టిది అను ప్రశ్న తాళపత్ర గ్రంథములను పరిష్కరించువారికి ఎంత ముఖ్యమో గడియారములను సేకరించువారికిని అంత ముఖ్యము. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఆ గడియారముల చరిత్ర కొంత తెలియవలెను. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభము వరకు గడియారము కలవారి ఇంటి సొత్తు. పనివాడు ఒక్కొక్క చక్రమును చేతితో కోసి, ఆకురాయితో అరగదీసి, ఒకదానికొకటి సరిపోవునట్లు కూర్చవలసి యుండెను. కనెక్టికట్టుకు చెందిన ఈలై టెర్రీ (1772–1852) ఈ పద్ధతిని మార్చినాడు. 1807 ప్రాంతమున అతడు పోర్టర్ అను ఇంటిపేరుగల వర్తకులతో, మూడేండ్లలో నాలుగువేల గడియార యంత్రములు చేసి యిత్తునని ఒడంబడిక వ్రాసికొన్నాడు. మొదటి యేడంతయు పనిముట్లను అమర్చుకొనుటకే సరిపోయినది. పిదప నీటి బలముతో తిరుగు యంత్రములచే కొయ్యచక్రములు కోయించి, ఏ చక్రమైనను ఏ గడియారమునకైనను ఇమిడునట్లు చేసి, అన్నమాట నిలుపుకొన్నాడు. 1816లో బల్లమీద నిలుపదగిన చిన్న గడియారమునకు పేటెంటు పొందినాడు. అతనితో పనిచేసిన వడ్రంగి సేత్ థామస్ తరువాత తన పేరుననే పెద్ద వ్యాపారమును స్థాపించినాడు. ఊరూరు తిరిగి సరుకులమ్ము వర్తకులు ఈ గడియారములను బండ్లపై రైతుల యిండ్లకు చేర్చినారు.

కొయ్యచక్రములకు ఒక లోపము కలదు. తేమ తగిలినచో అవి ఉబ్బును. ఓడ ప్రయాణమునకు ఓర్వవు. కొంతకాలము టెర్రీ వద్ద పనిచేసిన చాన్సీ జెరోమ్ (1793–1868) ఇత్తడి రేకునుండి చక్రములు కోయించి చౌక గడియారమును తయారుచేసినాడు. 1842లో వానిని ఇంగ్లండుకు పంపగా, అక్కడి సుంకపు అధికారులు పట్టీలో చూపిన ధరను నమ్మలేదు. సుంకము ఎగవేయుటకే అంత తక్కువ ధర వేసినారని తలచి, చట్టప్రకారము ఆ ధరకు పదిశాతము కలిపి చెల్లించి, సరుకంతయు తామే తీసికొన్నారు. శ్రమ లేకయే సరుకు అమ్ముడైనదని సంతోషించి జెరోమ్ మరల పంపినాడు. అదియు అట్లే కొన్నారు. మూడవసారికి గాని వారికి సంగతి బోధపడలేదు. 1860లో అచ్చయిన తన గ్రంథమున జెరోమే ఈ కథ చెప్పుకొన్నాడు. అప్పటికే అతడు దివాలా తీసి యున్నాడు. చివరి దినములు పేదరికముననే గడచినవి. అతని పేరుగల గడియారములను నేడు అద్దాల బీరువాలలో నిలుపుకొనువారు ఈ సంగతి మరువరాదు.

దీనినిబట్టి నా మొదటి అభిప్రాయము చెప్పెదను. అరుదైన గడియారముకంటె, ఇంటింట నుండిన చౌక గడియారమే సేకరించుటకు ఎక్కువ యోగ్యము. రాజుల గడియారము రాజుల సంగతి చెప్పును. ప్రతిదినము కీ ఇయ్యవలసిన ఈ కొయ్యపెట్టె గడియారమో, రైతును చిల్లర వర్తకుడును బడిపంతులును కాలమును నిమిషములలో లెక్కించుకొన నేర్చిన కథ చెప్పును.

ఆ కథ ఎచ్చట వ్రాయబడి యున్నది? తలుపు తెరచినచో లోపలి పలకపై అంటించిన అచ్చుకాగితము కనబడును. దానిపై తయారుచేసినవారి పేరు, ఊరు, గడియారమును నడుపు విధానము ఉండును. తలుపు అద్దము వెనుక రంగులతో వేసిన బొమ్మ యుండును. లోపలి ఇత్తడి పలకపై మరమ్మతు చేసినవారు గీసికొన్న పేర్లును తేదీలును ఒక్కొక్కప్పుడు కనబడును. సేత్ థామస్ వారి కొన్ని గడియారములపై తయారైన సంవత్సరమును అంకెలు తిరుగవేసి ముద్రించినారు. 1885 అనునది 5881 అని యుండును. తెలియనివాడు దానిని క్రమసంఖ్య యనుకొనును. అట్లే పేటెంటు సంవత్సరమును చూచి గడియారము ఆ యేటిదే యని భ్రమపడువారును కలరు. పేటెంటు పుట్టిన ఎన్నో యేండ్లకు గడియారము పుట్టి యుండవచ్చును. చదువ నేర్చినవానికి గడియారము ఒక వ్రాతప్రతి.

వ్రాతప్రతికి కలుగు ఆపదలన్నియు దీనికిని కలుగును. పెట్టెకు కొత్త మెరుగు పూయుదురు. పాత కాగితమును ఊడబెరికి కొత్తగా అచ్చువేసినది అంటింతురు. చెదరిన బొమ్మను తుడిచి వేరొకటి వేయుదురు. ఒకదాని యంత్రమును వేరొకదాని పెట్టెలో అమర్చి అమ్ముదురు. దీనికి అమెరికా సేకర్తలు పెట్టిన పేరు పెండ్లి. పెండ్లి యన్నచో ఇరుపక్షములవారికిని తెలిసి జరుగును. ఇచ్చట కొనువానికి తెలియదు. మన పరిభాషలో ఇవన్నియు ప్రక్షిప్తములే. టెర్రీ, జెరోములు జీవించిన కాలముననే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) కడపలో పండితులను చేర్చుకొని, తెలుగు వ్రాతప్రతులను సేకరించి, ఒకదానితో నొకటి పోల్చి చూపించినాడు. చెదలు తిన్న ప్రతిలోనైనను ఒక మంచి పాఠము నిలిచి యుండవచ్చునని పరిష్కర్త యెరుగును. గడియారముల విషయమున మాత్రము మనము ఆ వివేకమును మరచుచున్నాము.

ఇతరులను తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. మా తాతగారు వేలములో కొన్న ఆన్సోనియా గోడగడియారము ఒకటి మా యింట కలదు. నూనె వేసిన ప్రతిసారి ఆయన లోపలి కాగితపు అంచున పెన్సిలుతో తేదీ వ్రాసెడివారు. ఆయన తరువాత మా నాయనగారును వ్రాసినారు. అది ఆగిపోయినప్పుడు నేను మరమ్మతుకిచ్చి, కొత్తదానివలె చేసి యియ్యవలెనన్నాను. పనివాడు నా మాటను అక్షరాల పాటించినాడు. పెట్టెను గీకి వార్నీషు పూసినాడు. మాసిన కాగితమును తీసివేసినాడు. గడియారము చక్కగా నడచుచున్నది. రెండు తరముల చేవ్రాత పోయినది. అచ్చుకాగితమునకు నకలు దొరకవచ్చును గాని తాతగారి అంకెలకు నకలు లేదు. ఇరువదియైదేండ్లు తరగతిలో పాఠపరిష్కరణమును బోధించినవాడనై యుండియు, మా గోడమీది ప్రతిని చదువలేకపోతిని.

గడియారము నడువకున్నచో అది గడియారమే కాదు గదా, విరిగిన స్ప్రింగును మార్చరాదా యని కొందరందురు. మార్చవలెను. తెగిన తాడును, అరిగిన చక్రమును మార్చుట తప్పు కాదు. కాని తీసిన భాగమును పారవేయక, పొట్లము కట్టి దానితోనే ఉంచవలెను. ఏమి మార్చితిమో, ఎప్పుడు మార్చితిమో చీటీ వ్రాసి లోపల పెట్టవలెను. మంచి పరిష్కర్త తాను దిద్దినచోట అధస్సూచిక వ్రాయును గదా. ఈ చీటీయే గడియారమునకు అధస్సూచిక. నడచుటకు అవసరమైనది మరమ్మతు. కంటికి ఇంపు కొరకు చేసినది, చెప్పక చేసినచో, అపచారము. తెలిసిన సేకర్తలు నేడు మెరుగుపెట్టినదానికంటె మొదటి కాగితముతో నున్నదానికే ఎక్కువ విలువ నిచ్చుచున్నారు.

అందరును అమెరికా గడియారములను సేకరింపవలెనని నేను చెప్పను. ఉపాధ్యాయులతో చెప్పదలచిన దొక్కటే. మీ పాఠశాలలోనో, మీ విద్యార్థి యింటనో ఒక పాత గోడగడియారము ఉన్నచో, దానిని తుడుచుటకు ముందు తలుపు తెరచి పిల్లలచేత చదివింపుడు. కాగితముపై నేమున్నది, అంచున ఎవరు వ్రాసినారు, ఏ అంకె ఏమి చెప్పుచున్నదని అడుగుడు. వారు చూచినదానిని పుస్తకములో వ్రాసికొననిండు. ఆ తరువాతనే బాగుచేయువానిని పిలువుడు.