పేరు: మంగళవారం

ముందు నా తప్పు ఒప్పేసుకుంటా. ఆమధ్య టాంజానియాలోని ఒక క్లయింట్ డేటాని పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారుస్తున్నాం. పేరు కాలమ్‌లో ‘జుమన్నె’ అని కనిపించింది. ట్రాన్స్‌లేట్‌లో కొడితే ‘మంగళవారం’ అని వచ్చింది. ఎవరో వారం పేరు తెచ్చి ఇక్కడ కొట్టారనుకున్నా. వారాల పేర్లున్న రికార్డులన్నీ తీసేసేలా చిన్న స్క్రిప్ట్ రాశా. 11 ఎగిరిపోయాయి. డేటా క్లీన్ అయిందని సంబరపడ్డా.

మూడో రోజు మెయిల్. 11 మంది కస్టమర్లు లాగిన్ అవ్వలేకపోతున్నారట!

జుమన్నె నిజంగానే మనిషి పేరు. టాంజానియాలో మంగళవారం పుట్టిన మగపిల్లాడికి పెడతారు. అక్కడ మంత్రిగా చేసిన జుమన్నె మఘెంబేది కూడా ఇదే పేరు.

ఈ పేరులో రెండు భాషలున్నాయి. ‘జుమా’ అరబ్బీ నుంచి వచ్చింది. హైదరాబాద్‌లో జుమ్మా నమాజ్ అంటాం కదా, ఆ మాటే. స్వాహిలీలో దానికి ఏడు రోజుల వారం అనే అర్థం కూడా ఉంది. ‘న్నె’ అంటే నాలుగు. ఇది ఆఫ్రికా బంటు భాషల మాట. శుక్రవారంతో వారం ముగుస్తుంది కాబట్టి లెక్క శనివారం నుంచి మొదలు. శని ఒకటి, ఆది రెండు, సోమ మూడు, మంగళ నాలుగు. బుధవారం జుమాటానో, అంటే ఐదు.

మరి గురువారం ఆరు కావాలి కదా? కాదు. దాన్ని అల్‌హమిసి అంటారు. అరబ్బీలో అదీ ఐదో రోజే! అరబ్బులు ఆదివారం నుంచి లెక్కపెడతారు మరి. నాలాంటి వాడికి ఇది బగ్‌లా కనిపిస్తుంది. కానీ శతాబ్దాలుగా తూర్పు ఆఫ్రికా తీరానికి అరబ్ వర్తకులు వస్తూ పోతూ ఉన్నారు. రెండు లెక్కలూ ఒకే క్యాలెండర్‌లో కాపురం పెట్టేశాయి. గురువారం పుట్టినవాడు హమిసి, శుక్రవారం పుట్టినవాడు జుమా, అమ్మాయైతే మ్వాజుమా.

బ్యాకప్ ఉంది కాబట్టి గంటలో అన్నీ వెనక్కి తెచ్చాం. ఆ గంటసేపూ మా తాతే గుర్తొచ్చాడు. ఆయన పేరు సోమయ్య. సోమవారం పుట్టాడని పెట్టారు. ఆ పేరు చూస్తే నాకెప్పుడూ డేటా తప్పనిపించలేదు.

ఇప్పుడు పేరు కాలమ్‌లో ఏదైనా తేడాగా కనిపిస్తే డిలీట్ కొట్టను. అవతలి టీమ్‌కి ఒక మెసేజ్ పెట్టి అడుగుతా.